చౌడప్ప లేచి నిలబడితే వచ్చే నెట్టు

ఇంకొక్క దినం గడిస్తే నెల నిండుతాది అనంగా నా ఫోన్ మోగింది.

మోగింది నా ఫోనే గానీ, ఎత్తింది నేను కాదు. నేను షాపు వెనక ఒక పాత కంప్యూటర్ మూత విప్పి దుమ్ము ఊదుతాండా. ఫోనేమో ముందర బల్ల మీద చార్జింగులో ఉండాది. ఎత్తింది మా ఉస్తాదు.

“కుళ్ళాయన్నా, మళ్ళా పోయిందన్నా! ఇది నాలుగోతూరి! మూడు గంటలు కొట్టేలోపల డిజైను బెంగుళూరుకు పోకుంటే ఆర్డరు ఇంకొకరికి పోతాదన్నా!”

అలివేలమ్మ గొంతు. ఆ తల్లి మాట్లాడితే స్పీకరు అక్కర్లేదు, వీధి కొస దాకా వినపడతాది. నేను బ్రష్షు ఆడనే పెట్టి ముందరికొచ్చినా.

“వస్తాండామమ్మా” అని ఉస్తాదు ఫోన్ పెట్టేసినాడు. నా పక్క చూడను కూడా చూడలేదు. మేకుకు తగిలించిన తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు.

“రా కుళ్ళాయీ. పోయొద్దాం” అన్నాడు.

అంతే. నాలుగోతూరి ఏందిరా అని అడగలేదు. మొదటి మూడు నాకెందుకు చెప్పలేదు అని అడగలేదు. అడిగి చెంప మీద ఒకటి పీకింటే నాకు సులువుగా ఉండేది.

మీకు మొదట్నుంచి చెప్పాల.

మాది ధర్మవరం, పట్టుచీరల ఊరు. నా పేరు కుళ్ళాయప్ప. అయితే ఆ పేరుతో పిలిచేది మా అమ్మ ఒక్కతే. ఊరంతటికీ నేను ఫార్మాట్ కుళ్ళాయిని. కంప్యూటర్ నిదానమైందా, ఫార్మాట్. తెర నీలమైందా, ఫార్మాట్. ప్రింటర్ మూలిగిందా, దానికీ ఫార్మాట్. ఉన్నదంతా తుడిచేసి, పెన్ డ్రైవ్ గుచ్చి విండోస్ కొత్తగా ఎక్కించేదానికి నాకు నలభై నిమిషాలు చాలు. ఆ నలభై నిమిషాలు ఆ ఇంటోళ్ళు నన్ను డాక్టరును చూసినట్టు చూస్తారు. ఆ చూపు నాకు బలే ఇష్టం, దాచుకునేదేముంది.

మా ఉస్తాదు బాబయ్య సాబు. ముప్పై ఏండ్లు టెలిఫోన్ లైన్‌మేన్‌గా స్తంభాలెక్కి దిగిన మనిషి. రిటైరైనాక స్టేషన్ రోడ్డులో చిన్న షాపు పెట్టినాడు. ఇండ్లలో ఇంటర్నెట్ తీగలు లాగడం, వైఫై డబ్బాలు బిగించడం, కంప్యూటర్లు బాగు చేయడం. పని నేర్చుకునే దానికి ఆయన దగ్గర చేరి నాలుగేండ్లయింది.

ఆయన పని చేసే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎవరింటికన్నా పోతే మొదట మంచినీళ్ళు అడుగుతాడు. తాగి, “చెప్పండి. మొదట్నుంచి” అంటాడు. వాళ్ళు చెప్తారు. కంప్యూటర్ సంగతి చెప్తా చెప్తా మోకాళ్ళ నొప్పుల దాకా పోతారు. అన్నీ వింటాడు. విని, లేచి, తీగను రెండు వేళ్ళ మధ్య పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొస దాకా నిదానంగా నడుస్తాడు. గోడెంబడి, తలుపు సందులో, మంచం కింద, తీగ యాడికి పోతే ఆడికి. ఆయన ఒక ఇల్లు చూసేలోపల నేను మూడిండ్లు ముగిస్తా.

అందుకే పోయిన నెల అడిగేసినా. “ఉస్తాద్, నేను సొంతంగా షాపు పెట్టుకుంటా. ఆశీర్వాదం చేయండి.”

ఆయన బల్ల మీద ఉన్న క్రింపర్ చేతిలోకి తీసుకున్నాడు. తీగ కొసకు ప్లగ్గు నొక్కి బిగించే కటింగ్ ప్లేయర్ మాదిరి పనిముట్టు అది. పిడికి గుడ్డ టేపు చుట్టి, ఆయన వేళ్ళ గుంతలు పడి ఉంటాది.

“నువ్వు చేసిన పని మీద తిరిగి పిలుపు రాకుండా ఒక్క నెల గడుపప్పా. ఇది నీ చేతిలో పెడతా. ఆ పొద్దే షాపు తెరువు” అన్నాడు.

ఒక్క నెలా! ఎడమ చేత్తో గడుపుతా అనుకున్నా. ఆ సాయంత్రమే బోర్డు రాపిచ్చినా. ‘కుళ్ళాయప్ప కంప్యూటర్స్’, పసుపుపచ్చ అక్షరాలు. తెచ్చి, ఎవరికీ చెప్పకుండా మంచం కింద బోర్లా పెట్టినా.

నెలలో మొదటి పని అలివేలమ్మ ఇల్లు. ఆమె మొగుడు చౌడప్ప పట్టుచీరలు నేస్తాడు. ఆమె పదో తరగతి చదివింది. చీర అంచులు, కొంగులు కంప్యూటర్‌లో గీయడం సొంతంగా నేర్చుకుంది. బెంగుళూరు వ్యాపారి ఆమె గీసినవే కావాలంటాడు. కంప్యూటర్ లోపలి గదిలో, వైఫై డబ్బా వీధి పక్క మగ్గం నడిచే వసారాలో. మధ్యలో పాతకాలం మందం గోడ. అందుకని డబ్బా నుంచి కంప్యూటర్ దాకా నీలం తీగ ఒకటి లాగి వచ్చినా. చక్కని పని. వంకరన్నది లేకుండా. ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నా గూడా.

మూడో దినం ఫోనొచ్చింది. నెట్టు వస్తాంది, పోతాంది అని.

పోయి చూస్తే బ్రహ్మాండంగా వస్తాంది! ఆమె ఫోన్‌లో చూసినా, ఆడా బాగుండాది. పోయినప్పుడు కూడా ఫోన్‌లో ఉంటాదంట, కంప్యూటర్‌లోనే పోతాదంట. ఇంకేముంది, తప్పు కంప్యూటర్‌ది. ఫార్మాట్ కొట్టినా. నెట్టు పెట్టి చూపించినా, పారే నీళ్ళ మాదిరి వచ్చింది. కాఫీ తాగి వచ్చేసినా.

వారానికి మళ్ళా ఫోన్. మళ్ళా పోయినా, మళ్ళా బాగానే ఉండాది. వైరస్ అన్నా. ఫార్మాట్ కొట్టినా.

ఆ రెండో ఫార్మాట్‌లో అలివేలమ్మ చిలకలు పోయినాయి. కొంగు మీద నలభై చిలకలు, తొమ్మిది దినాల పని, తెర మీదనే ఒక మూల పెట్టుకోనింది. నేను అడగలేదు. ఆమెకు చెప్పాలని తెలియదు. విండోస్ కొత్తగా మెరుస్తా లేచినాక, “నా చిలకలు యాడన్నా?” అనింది. ఆమె తిట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కొంచేపు గోడ పక్క తిరిగి నిలబడి, “సరేలే అన్నా, మళ్ళా గీస్తా” అనింది. ఆ పొద్దు నేను కాఫీ తాగలేదు.

మూడోతూరి వైఫై డబ్బానే మార్చినా. దాని మీద మళ్ళా ఒక ఫార్మాట్.

ఈ మూడు పిలుపులూ ఉస్తాదుకు చెప్పలేదు. ఎందుకు చెప్పాల? మొదటిది విండోస్ రోగం, రెండోది వైరస్, మూడోది డబ్బా. జొరమొచ్చినోనికి మరుసటి వారం పన్ను నొప్పి వస్తే అది తిరిగి పిలుపు ఎట్లయితాది? నాకు నేను అట్ల నచ్చజెప్పుకుంటాంటి. పొద్దున్నే లేచి మంచం కిందికి వంగి బోర్డును ఒకతూరి తడిమి వస్తాంటి. తడిమినప్పుడల్లా ఆ చిలకలు గుర్తొస్తాండె.

ఇదీ సంగతి. ఇప్పుడు ఉస్తాదు ముందర, నేను వెనక, ఎండలో నడుస్తాండాము.

ఉండబట్టలేక నేనే అన్నా. “ఉస్తాద్, ఆ కంప్యూటర్ పాతది. దానికి…”

“ఎండ బలే ఉండాది గదా” అన్నాడు ఆయన.

నేను జోబీలో పెన్ డ్రైవ్ ఉందో లేదో చూసుకున్నా.

చౌడప్ప ఇంటి సందులోకి తిరుగుతూనే మగ్గం చప్పుడు వినపడింది. మేము గడప దగ్గర చెప్పులు విడుస్తాంటే ఆగిపోయింది. అది మా ఊరి మర్యాద. ఇంటికి మనిషొస్తే నేతగాడు మగ్గం గుంతలో కూచోనుండడు. లేచి, లుంగీకి అంటుకున్న దారం పోగులు దులుపుకొని, ఎదురొచ్చి కుర్చీ వేస్తాడు.

“రాండి సాబ్, రాండి! రా కుళ్ళాయన్నా!” చౌడప్ప రెండు కుర్చీలు వేసి పైగుడ్డతో తుడిచినాడు.

లోపల్నుంచి అలివేలమ్మ అరిచింది. “సూడండి! మీరు గడప తొక్కుతూనే వచ్చేసింది! దీనికి సిగ్గూ శరం ఉండాదా సాబ్?”

పోయి చూస్తే కంప్యూటర్ తెరకు పైన ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి కట్టింది. దిష్టి తగిలిందంట. నేను పెన్ డ్రైవ్ బయటికి తీసినా.

“దాన్ని జోబీలో పెట్టుకో కుళ్ళాయీ” అన్నాడు ఉస్తాదు. “అమ్మా, కొన్ని మంచినీళ్ళు.”

మొదలైంది అనుకున్నా. గోడ గడియారం చూసినా. రెండుంబావు.

నీళ్ళు తాగినాడు. చెంబు కింద పెట్టినాడు. “చెప్పమ్మా. మొదట్నుంచి.”

ఆమె మొదలుపెట్టింది. డిజైను పంపుతాంటే సగంలో పోతాదంట. ఒక్కో దినం బాగుంటాదంట, ఒక్కో దినం చావగొడతాదంట. అమావాస్య నాడు ఒక్కతూరి కూడా పోలేదంట. చెప్పి, గొంతు కొంచెం తగ్గించింది.

“ఇంకొకటి సాబ్. నగొద్దండి. అది పోయినప్పుడు నేను ‘పోయింది’ అని అరుస్తా. ఈయన లేచొచ్చి కంప్యూటర్ ముందర నిలబడతాడు. నిలబడితే వచ్చేస్తాది. దేవుని తోడు. ఎన్నితూర్లో.”

చౌడప్ప మీసం సవరించుకున్నాడు. “మా వంశంలోనే ఉండాది సాబ్ అది. మా నాయన మొగం చూస్తే పాలియ్యని ఎనుము పాలిచ్చేది.”

నేను పకపకా నగినా. ఈ కథ నాకు మూడుతూర్లు చెప్పినారు, మూడుతూర్లూ ఇట్లనే నగినా. ఉస్తాదు నగలేదు. ముందుకు వంగినాడు.

“లేచి వస్తావు గదా చౌడప్పా. యాడ నుంచి లేస్తావు?”

“యాడ నుంచేముంది సాబ్, మగ్గం మీద నుంచి.”

“అమావాస్య నాడు?”

“అమావాస్యకు మేము మగ్గమెక్కము గద సాబ్. సెలవు.”

“అట్లనా” అన్నాడు ఉస్తాదు. “నేత చూసి చానా దినాలైందప్పా. ఒక బెత్తెడు నేసి చూపియ్యి” అన్నాడు.

చౌడప్ప మొహమాటపడినాడు. “మీరు పని మీద వచ్చినారు. మిమ్మల్ని కూచోబెట్టి నేను గుంతలోకి దిగితే ఏం మర్యాద సాబ్ అది?”

“నేనడుగుతాండా గదా.”

నాకు మండింది. మూడు గంటలకు డిజైను పోవాల. నా నెల పోతాంది, నా షాపు పోతాంది, ఈ ముసలాయనకు చీరల సోకు! “ఉస్తాద్, టైమవుతాంది” అన్నా.

ఆయన విననట్టే పోయి మగ్గం గుంత అంచున కింద చతికిలబడినాడు. “అమ్మా, నువ్వు పోయి డిజైను పంపు. పోతే ఎప్పటి మాదిరే అరిచి చెప్పు” అన్నాడు అలివేలమ్మతో. “కుళ్ళాయీ, నువ్వూ రా. ఇట్ల కూచో.”

కూచున్నా. చౌడప్ప గుంతలోకి దిగినాడు. కాలు తొక్కినాడు. తలమీద జకార్డు పెట్టె గల్లుమని లేచింది, పట్టు పోగులు రెండుగా విడిపోయినాయి, వాటి మధ్యలో అడ్డపోగుతో నాడె జారింది, ఆ పోగును బిగించే పలక వచ్చి దబ్బుమని కొట్టింది. మళ్ళా కాలు, మళ్ళా పలక. వంకాయ రంగు చీర, బంగారు అంచు. కోపంలో ఉన్నా గానీ చూడబుద్ధయింది.

“ఈ రంగు బలే పడింది చౌడప్పా” అన్నాడు ఉస్తాదు.

“పోయింది!” లోపల్నుంచి అరుపు.

చౌడప్ప నాడె వదిలేసి లేవబోయినాడు. ఉస్తాదు ఆయన భుజం మీద చెయ్యి వేసినాడు. “లేవద్దప్పా. నేస్తానే ఉండు.”

“పోయింది సాబ్! ఆయన్ను పంపండి!”

“నేస్తానే ఉండు” అన్నాడు ఉస్తాదు మళ్ళా. అని, రెండు వేళ్ళతో నా గడ్డం పట్టుకొని నా మొగం గోడ పక్కకు తిప్పినాడు.

గోడ మీద వైఫై డబ్బా. దానికి వరసగా ఆకుపచ్చ దీపాలు. అందులో ఒకటి నీలం తీగది, కంప్యూటర్‌కు నెట్టు పోతాంటేనే వెలుగుతాది. చౌడప్ప పలక కొట్టినాడు, దీపం ఆరింది. కొంచేపుంటే వెలిగింది. మళ్ళా పలక కొట్టినాడు. మళ్ళా ఆరింది.

నేను తీగ ఎంబడి చూసినా. డబ్బా నుంచి బయల్దేరి, ఒక్క బెత్తెడు వదులు కూడా లేకుండా, తీరుగా పోయి మగ్గం గుంజకు తగిలింది. గుంజెంబడి పైకి, ఆరు చోట్ల ప్లాస్టిక్ ట్యాగులు. ఆడ నుంచి దూలం మీదుగా, వెంటిలేటర్‌లో దూరి లోపలి గదికి. పలక కొట్టినప్పుడల్లా గుంజ ఊగుతాంది. గుంజ ఊగినప్పుడల్లా తీగ డబ్బాలో ఉన్న ప్లగ్గును లాగుతాంది.

స్టేటస్ పెట్టుకున్నది ఈ పనినే.

ఇంకొకటి గూడా గుర్తొచ్చింది. ప్లగ్గుకు చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటాది. లోపలికి దూరినాక అది టక్కుమని పట్టుకుంటే ప్లగ్గు ఊడిరాదు. ఆ పొద్దు బిగిస్తాంటే అది పుటుక్కుమని విరిగింది. మళ్ళా కొత్త ప్లగ్గు ఎవడు వేస్తాడులే, బిగువుగానే ఉండాది అని వదిలేసి పోయినా. నేను వచ్చిన మూడుతూర్లూ మగ్గం ఆగుతాండె. ఆగితే నెట్టు వస్తాండె. నేను విండోస్ ఎక్కిస్తాంటి. నేను వీధి మలుపు తిరిగినాక చౌడప్ప మళ్ళా గుంతలోకి దిగుతాండె.

అలివేలమ్మ బయటికొచ్చింది. మా చూపులెంబడి ఆమె కూడా దీపాన్ని చూసింది, తీగను చూసింది.

“ఓయమ్మా! మగ్గానికి కట్టినారా దీన్ని? ఎవరు కట్టింది?”

ఎవరు కట్టింది ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చౌడప్ప మంచోడు, ఇంటికొచ్చిన మనిషిని చిన్నబుచ్చడం తెలియనోడు. “ఎలక లాగింటాదిలే” అన్నాడు నేల చూస్తా.

“ఎలక ట్యాగులు కడతాదా?”

“మా ఇంట్లో ఎలకలు శానా తెలివైనవి.”

ఉస్తాదు దిక్కు చూసినా. ఆయన చీర అంచు వేళ్ళతో తాకి చూస్తాండాడు, దాని మీద అచ్చంగా నలభై ఏండ్ల పరిశోధన చేయాలన్నట్టు. నేను అవునంటే అవును, ఎలకంటే ఎలక. ఎలక అని ఊరుకుంటే ప్లగ్గు మార్చి పోవచ్చు. నెల మాట కూడా ఎట్లనో ఒకట్ల సర్దుకోవచ్చు. మంచం కింద బోర్డు కండ్ల ముందర మెదిలింది. ఆమె గోడ పక్క తిరిగి నిలబడిన పొద్దు కూడా మెదిలింది.

“నేనే కట్టినానమ్మా” అన్నా. “ప్లగ్గు నాలుక విరిగిందని కూడా తెలుసు. తెలిసే వదిలేసినా. విండోస్‌ది తప్పు కాదు, వైరసూ లేదు, డబ్బా మార్చాల్సిన పనీ లేదు. నీ చిలకలు ఊరికే పోయినాయి. మూడుతూర్లు వచ్చిపోయి ఉస్తాదుకు గూడా చెప్పలేదు.”

ఒక్క ఊపులో చెప్పేసినా. చెప్పి తలకాయ వంచుకున్నా. మగ్గం ఆగింది.

మొదట మాట్లాడింది చౌడప్ప. గొంతు బలే నీరసంగా వచ్చింది.

“అంటే… నా మొగం చూసి వచ్చేది కాదా?”

అలివేలమ్మ అతని మొగం చూసింది. చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆపుకుందామని కొంగు అడ్డం పెట్టుకుంది, చాతగాలేదు, గడప మీద కూలబడి కండ్లనీళ్ళు వచ్చేదాకా నగింది. “నెల దినాలుగా… నెల దినాలుగా నెట్టు కోసం ఈయనకు రెండుపూటలా మొగం కడిగించినా సాబ్!” ఉస్తాదు భుజాలు కదిలినాయి. నాకూ ఏడుపో నవ్వో తెలియనిది ఒకటి వచ్చింది. ఆఖరికి చౌడప్ప కూడా గుంతలో కూచోని మగ్గం ఊగేటట్టు నగినాడు. ఆ ఊపుకు డబ్బా మీద దీపం మళ్ళా ఆరిపోయింది. అది చూసి అందరం ఇంకా నగినాము.

నగడం అయినాక ఉస్తాదు సంచీలోనుంచి క్రింపర్ తీసి నా ముందర పెట్టినాడు. పెట్టి, గుంత అంచున గోడకు ఒరిగి కండ్లు మూసుకున్నాడు.

ట్యాగులు ఆరూ కత్తిరించినా. నాలుక లేని ప్లగ్గును తెంచి పారేసినా. తీగ తోలు వలిచి, లోపలి ఎనిమిది పోగులూ విడదీసి, ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, బ్లూ అని చిన్నపిల్లోడు ఎక్కం చదివినట్టు పైకి చదువుకుంటా పేర్చినా. వేయిసార్లు చేసిన పనే. ఈ పొద్దు చేతులు నిదానంగా పోయినాయి. నొక్కినా. కొత్త నాలుక దూరి టక్కుమనింది. ఆ చప్పుడు అంత బాగుంటాదని నాకెప్పుడూ తెలియదు.

తీగను మగ్గం దగ్గరికి పోనీలేదు. కంప్యూటర్ వెనక చుట్టి పెట్టిన మిగులు తీగను ఇవతలికి లాగి, గోడెంబడి చుట్టు తిప్పి, డబ్బా కింద ఒక చుట్ట వదులు పెట్టినా. అయినాక ఎవరూ చెప్పకుండానే దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచినా. తలుపు సందులో ఒక చోట మేకు తల గీసుకుంటాంది. దాన్నీ కొట్టేసినా.

గడియారం పది తక్కువ మూడు.

“చౌడప్పన్నా, నువ్వు నెయ్యి. అలివేలమ్మా, నువ్వు పంపు” అన్నా.

చౌడప్ప నేసినాడు. అట్లా ఇట్లా కాదు. నెల దినాల కసినంతా పలక మీద చూపించినాడు. జకార్డు గల్లుమంటాంది, గుంజ ఊగుతాంది, దీపం మాత్రం కదలకుండా వెలుగుతాంది. లోపల తెర మీద పచ్చగీత జరుగుతాంటే నేనూ అలివేలమ్మా ఊపిరి బిగబట్టి చూసినాము. సగం. ముప్పాతిక. ఆడ కొంచెం నిలబడింది. “పోయిం…” అని ఆమె నోరు తెరిచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మళ్ళా కదిలింది. ముగిసింది.

“పోయింది!” అని అరిచింది అలివేలమ్మ. “డిజైను పోయింది సాబ్, బెంగుళూరుకు పోయింది!”

ఆమె నిమ్మకాయ మిరపకాయలు ఊడబెరికి నా చేతిలో పెట్టింది. “నువ్వే ఉంచుకో అన్నా, నీకు పనికొస్తాది” అనింది.

అప్పుడే తెర మీద ఆ డిజైను చూసినా. కొంగు నిండా చిలకలు, నలభై. పోయినవాటిని మళ్ళా గీసింది ఆ మహాతల్లి. ముప్పై తొమ్మిది చిలకలు ముందుకు చూస్తాండాయి. మూలన ఒక్కటి మాత్రం మెడ తిప్పి వెనక్కి చూస్తాంది.

“ఇదొక్కటి ఎందుకట్ల చూస్తాందమ్మా?”

“కుళ్ళాయన్న మళ్ళా వస్తాడేమోనని చూస్తాందన్నా” అనింది.

తిరిగొస్తా స్టేషన్ రోడ్డులో టీ కొట్టు దగ్గర ఆగినాము. ఉస్తాదు టీ చెప్పి బెంచీ మీద కూచున్నాడు. నేను నిలబడే ఉండా. క్రింపర్ నా చేతిలోనే ఉండాది. గుడ్డ టేపు మీద ఆయన వేళ్ళ గుంతల్లో నా వేళ్ళు సరిగ్గా దూరడంలేదు.

అంతలో జోబీలో ఫోన్ మోగింది. తీసి చూస్తే అలివేలమ్మ. ఎత్తకుండా ఉస్తాదు దిక్కు చూసినా.

“ఎత్తప్పా” అన్నాడు ఉస్తాదు.

ఎత్తినా. చెవికి పెట్టే పనే లేదు, టీ కొట్టులో ఉన్నోళ్ళందరూ విన్నారు. “అన్నా, ఒప్పుకున్నారన్నా! ఆ వెనక్కి చూసే చిలక బలే ఉందంట, అంచులో గూడా దాన్ని పెట్టమంటాండారు! ఈయన ఇంకా నేస్తానే ఉండాడు, నెట్టు ఇంకా ఉండాది!”

ఫోన్ పెట్టేసినా. క్రింపర్‌ను రెండు చేతులతో ఉస్తాదు ముందర పట్టుకున్నా.

“తీసుకోండి ఉస్తాద్. నెల కాలేదు. రేపట్నుంచి మళ్ళా మొదలుపెడతా. ఈతూరి ఎవరు పిలిచినా మీకు చెప్తా.”

ఆయన తీసుకోలేదు. గ్లాసు అంచున ఊదుకొని ఒక గుక్క తాగినాడు.

“పిలుపు రాకుండా నెల గడపడమంటే కష్టమేనా ఉస్తాద్?” అన్నా. “మీకు ఎన్నేండ్లు పట్టింది?”

“నాకా?” అన్నాడు. తువ్వాలతో మీసం తుడుచుకున్నాడు. “నాకు ఇంతవరకు గడవలేదప్పా.”

ఇంకో గుక్క తాగి, “ఆ మంచం కింద బోర్డు చెదలు పట్టేలోపల తీయి” అన్నాడు.